ఎవరికైనా తట్టేదే

హేమ్లా పెదవి చీలి, నెత్తురు గడ్డం మీదే ఎండిపోయింది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. అరికాళ్లు నేలకు ఆనించలేక మడమల మీద గోడకు ఒరిగి కూర్చున్నాడు. లాకప్ ఊచలకు ఇవతల స్టూలు లాక్కుని కూర్చున్న స్తుతి ముందు అతని కాళ్లే చూసింది. ఏడేళ్లు ఎస్సైగా చేసిన మనిషి. అరికాళ్ల మీద లాఠీ పడ్డవాడు ఎట్లా కూర్చుంటాడో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

సీఐ క్రాంతికుమార్ పది నిమిషాలే ఇచ్చాడు. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై.

"నిన్న సవరయ్య షెడ్డుకు ఎన్ని గంటలకు పోయినవ్?"

"నాలుగింటికి. ఆయనే ఫోన్ చేసి రమ్మన్నడు మేడం."

"కొట్లాట అయిందట. పక్క దుకాణపోళ్లు విన్నరు."

"నేనే ఒర్రిన. నా బతుకు మీద మన్నెందుకు పోసినవ్ అన్న. ఆయన ఏడ్చిండు. అబద్ధం కాయితం మీద సంతకం పెట్టిన, బేస్తారం వీడియోల పెద్దసారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్త అన్నడు."

"ఎప్పుడు బయటపడ్డవ్?"

"నాలుగున్నరకు. షేర్ ఆటో ఎక్కి యార్డుకు పోయిన. గేటుకాడ హాజరు మిషన్ మీద ఏలు పెట్టిన. ఐదు దాటింది."

"నువ్వున్నంతసేపు షెడ్డుల మిషన్ నడిచిందా?"

"కరెంటే లేదు మేడం. చెమటకు అంగీ మొత్తం తడిసింది."

స్తుతి పెన్ను ఆపి, ఆ చివరి జవాబు మళ్లీ చెప్పించుకుంది. కరెంటు తాను వెళ్లేసరికే పోయి ఉందనీ, తాను బయటికొచ్చేదాకా రాలేదనీ హేమ్లా రెండోసారీ అదే చెప్పాడు.

హేమ్లాది మణుగూరు దారిలో ఒక తండా. సారపాక అవతల ఒక జామాయిల్ యార్డులో కాంట్రాక్టు ఫిట్టరు. అతని భార్య సోమ్లి అదే యార్డులో కట్టెకు బెరడు ఒలిచే మిషన్ దగ్గర పని చేస్తూ కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకుంది. ఆ తర్వాత రెండేళ్లు తుక్కు ఇనుముతో కుస్తీ పట్టి హేమ్లా ఒక కొత్త మిషన్ చేశాడు. రెండు రోలర్ల మధ్యకు గట్టి కట్టె వస్తే అవి పట్టుకుని బెరడు ఒలుస్తాయి. మెత్తటిది, చెయ్యిలాంటిది తగిలితే స్ప్రింగుల దెబ్బకు చటుక్కున విడిపోతాయి. ఖమ్మంలో సంగీత అనే పేటెంట్ ఏజెంటు దానికి 2018లో దరఖాస్తు వేసింది.

పేటెంట్ ఆఫీసు నుంచి మొదట వచ్చిన అభ్యంతరం ఒకటే. రోలర్లు పాతవే, స్ప్రింగులూ పాతవే, రెండూ కలపడం ఆ పని తెలిసిన ఎవరికైనా తట్టేదే అని. తట్టేదే అంటే సరిపోదు, అన్నవాళ్లే చూపించాలి అని సంగీత జవాబు రాసింది. ఈ తేదీకి ముందు ఎవరికి తట్టింది, ఎక్కడ తట్టింది, ఆ రెండూ కలపాలని ఒకడికి ఎందుకు అనిపిస్తుంది, ఇవి రుజువు కాకుండా హేమ్లా హక్కును కొట్టెయ్యడానికి లేదంది. విచారించే అధికారి ఆ మాట ఒప్పుకున్నాడు. అప్పుడు దిగింది విశ్వతేజ మెషిన్స్. హేమ్లాకు పేటెంట్ రాకుంటే అదే మిషన్ తామే చేసి అమ్ముకోవచ్చని చూస్తున్న కంపెనీ. దాని మేనేజరు బలరాం ఎక్కడినుంచో వెల్డింగ్ షెడ్డు నడిపే సవరయ్యను పట్టుకొచ్చాడు. ఈ మిషన్ నేను 2016లోనే చేసిన, ఇప్పటికీ నా షెడ్డులో ఉంది అని సవరయ్య ప్రమాణపత్రం రాసిచ్చాడు. దాని మీద అతన్ని గురువారం పదకొండింటికి వీడియోలో ఎదురు ప్రశ్నలు అడగాలి.

మంగళవారం సాయంత్రం ఆరూ పదికి సవరయ్య భార్య పుల్లమ్మ ప్రార్థన నుంచి ఇంటికొచ్చి, భుజం దాకా ఆ మిషన్‌లో ఇరుక్కుని ఉన్న భర్తను చూసింది. ఇవాళ బుధవారం. పొద్దున ఆరింటికే సంగీత ఖానాపురం హవేలీలోని స్తుతి డిటెక్టివ్ ఆఫీసు తలుపు తట్టి ఆమెను కేసులోకి దింపింది.

క్రాంతికుమార్ తన గదిలో టీ తాగుతున్నాడు. స్తుతితో ఒకే బ్యాచిలో ట్రైనింగ్ అయినవాడు. ఆమెను కూర్చోమనలేదు.

"తనకు ఎదురు సాక్ష్యం చెప్పెటోడు సచ్చిండు. చివరిసారి అక్కడ ఒర్రింది వీడు. ఇంకేం గావాలె స్తుతీ? ఎవరికైనా తట్టేదే."

"ఈ మాట పేటెంట్ ఆఫీసుల కూడ అన్నరు. తట్టిందంటె కాదు, చూపెట్టుమన్నరు."

"అది ఇనుప ముక్కల పంచాయితి. ఇది మర్డరు."

"అందుకే ఎక్కువ చూపెట్టాలె. వాని కాళ్లు అట్ల చెయ్యకముందే చూపెట్టాలె."

క్రాంతికుమార్ కప్పు కింద పెట్టి, మెల్లగా, ఒక్కో మాటా దిగేసినట్టు అన్నాడు. "లారీ డ్రైవర్ చెవి మీద కొట్టినప్పుడు నీకు కూడ తట్టే కొట్టినవ్ గద."

స్తుతి పెన్ను జేబులో పెట్టుకుంది. ఐదేళ్ల కింద ఒక దొంగతనం కేసులో, ఇంకెవడు చేస్తాడని ఒక లారీ డ్రైవర్‌ను ఆమె తన చేత్తోనే కొట్టింది. అతను ఆ రోజు అసలు జిల్లాలోనే లేడని మూడో రోజున తేలింది. అతని కుడి చెవి మాత్రం మళ్లీ వినపడలేదు. ఆ నెలలోనే ఆమె ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ ఆమె అరచేతిలో ఉంది. గది బయటికి వచ్చి, ఆ చేతినే బండి హ్యాండిల్‌కు గట్టిగా బిగించి బ్రిడ్జి మీదుగా సారపాక వైపు తిరిగింది.

షెడ్డుకు చేరేసరికి పదిన్నర. సారపాక దాటి, మణుగూరు రోడ్డు అడవిలోకి దూరే చోట రేకుల షెడ్డు. వెనక గోడ ఆనుకునే సవరయ్య ఇల్లు. కాపలా కానిస్టేబులు ఆమెను గుర్తుపట్టి, చూసుకుని జల్దీ పొమ్మన్నాడు.

మిషన్ రోలర్ల మీద నెత్తురు నల్లబడి, దానికి బెరడు పీచు అతుక్కుని ఉంది. ఒక బనీను ముక్క ఇంకా పళ్ల మధ్యనే ఉంది. స్తుతి మిషన్ ముట్టుకోలేదు. నేల మీద వంగి, దాని చుట్టూ అడుగులు కొలుచుకుంటూ తిరిగింది. మిషన్‌కు ఆరడుగుల వెనక బెరడు పొట్టు మిగతాచోట్ల కన్నా మందంగా పరిచి ఉంది. కాలితో తోసింది. కింద సిమెంటు మీద అరచేతంత నెత్తురు మరక. అక్కడినుంచి మిషన్ దాకా ఈడ్చిన చార. మనిషిని మిషన్ లాక్కోలేదు. ముందు వెనకనుంచి నెత్తి పగలగొట్టి, తర్వాత తెచ్చి దాని నోట్లో పెట్టారు.

పుల్లమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూస్తోంది. ఏడుపు అయిపోయిన ముఖం. స్తుతి పక్కన చతికిలబడి నిన్నటి సంగతులు ఒక్కొక్కటే అడిగింది. నాలుగు కావస్తుండగా ఇంట్లో ఫ్యాను ఆగిందని, తాను నాలుగూ పావుకు ప్రార్థనకు పోయానని, అక్కడా కరెంటు లేక ఆడవాళ్లంతా కొంగులతో విసురుకున్నారని, రెండో పాట సగంలో ఫ్యాన్లు తిరిగాయని పుల్లమ్మ చెప్పింది. అప్పుడెంతయి ఉంటుందంటే ఐదున్నర అంది. స్తుతి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసింది. లైను మరమ్మతు కోసం మూడూ యాభైకి తీసి ఐదూ ముప్పై రెండుకు ఇచ్చామని అక్కడి ఆపరేటరు రిజిస్టరు చూసి చెప్పాడు.

ఆమె ఫోన్ పెట్టేసరికి జీపు ఆగింది. క్రాంతికుమార్ దిగుతూనే, సీను మీద నీకేం పని, బయటికి నడువు అన్నాడు. స్తుతి కదలకుండా కరెంటు టైము చెప్పింది. అతను నమ్మక తానే సబ్‌స్టేషన్‌కు చేశాడు. అదే జవాబు వచ్చింది. మిషన్ వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఏంది? నాలుగున్నరకు కొట్టి, చెయ్యి అండ్ల పెట్టి, స్విచ్ ఏసి ఉంచి పోయిండు. ఐదున్నరకు కరెంటు రాంగనే మిషన్ తిరిగింది. వీడు గేటుకాడ ఏలు పెట్టి మంచోడయిండు."

తెలివైన మాటే. స్తుతి కూడా దారిలో అదే ఆలోచించింది. గోడకున్న ఇనుప డబ్బా చూపించింది. "మీ నాయనకు బోరు మోటారున్నది గద. కరెంటు పోయొస్తే ఏమయితది?"

"ఆటోమేటిక్ పెట్టకుంటె స్టార్టర్ పడిపోతది. మళ్ల బటన్ నొక్కితెనే తిరుగుతది." అన్నాక అతనికే అర్థమైంది.

డబ్బాలో ఆటోమేటిక్ లేదు. అయినా స్తుతి పరీక్షిద్దామంది. కానిస్టేబుల్ చేత మెయిన్ వేయించి, గ్లౌజు వేళ్లతో పచ్చ బటన్ నొక్కించింది. రోలర్లు గర్రుమని తిరిగాయి. మెయిన్ తీసి మళ్లీ వేయించింది. మిషన్ కదల్లేదు. ఐదూ ముప్పై రెండు తర్వాత ఎవరో ఈ షెడ్డులో నిలబడి పచ్చ బటన్ నొక్కారు. అప్పటికి హేమ్లా యార్డు గేటు లోపల ఉన్నాడు.

ఆమె అక్కడితో ఆగలేదు. తడి గోనె సంచి చుట్టగా చుట్టి, మళ్లీ బటన్ నొక్కించి, కర్రతో రోలర్ల దగ్గరికి తోసింది. హేమ్లా మిషన్ అయితే విడిపోవాలి. ఇది ఒక్క గుంజుకు సంచిని లోపలికి లాగి, అటువైపు పీలికలు చేసి కక్కింది. కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. స్తుతి మిషన్ ఆపించి, సెల్ టార్చి వేసి లోపల చూపించింది. స్ప్రింగులు ఉన్నాయి. కానీ రెండు కొసలూ వెల్డింగ్‌తో ఫ్రేముకు అతికించి ఉన్నాయి. చూడ్డానికే తప్ప పని చెయ్యవు.

"ఇది హేమ్లా మిషన్ కాదు, పాతదీ కాదు. ఫొటో కోసం చేసిన బొమ్మ. రేపు ఎదురు ప్రశ్నలల్ల సవరయ్య నోరు తెరిస్తె హేమ్లా గెలుస్తుండె. ఆయన్ను చంపుకుని హేమ్లాకు ఏమొస్తది? సచ్చినోడిని ఎవరూ ఎదురు ప్రశ్నలడగలేరు. ఆయన సంతకం పెట్టిన కాయితం మాత్రం ఫైలుల అట్లనే ఉంటది."

"అంటే కంపెనీ చేసిందంటవ్."

"అవ్."

"నువ్వంటే సరిపోదు. ఇప్పుడు చూపెట్టాల్సింది నువ్వు." క్రాంతికుమార్ టోపీ పెట్టుకున్నాడు. గేటు మిషన్ టైము తానే పోయి చూస్తానని, ఐదున్నరకు ముందే అయితే హేమ్లాను వదిలేస్తానని, అంతకు మించి తననేమీ అడగొద్దని చెప్పి జీపెక్కాడు. కానిస్టేబుల్‌ను అక్కడే ఉంచాడు.

పన్నెండున్నర. జీపు దుమ్ము అణగాక పుల్లమ్మ లేచి వచ్చి స్తుతి చెయ్యి పట్టుకుంది. ఆయన ఒక కాయితం దాయమన్నాడని, కంపెనీవాళ్లకు గానీ పోలీసులకు గానీ ఇవ్వొద్దన్నాడని, ఈ మిషన్ ఎట్లా చెయ్యాలో బొమ్మ గీసి ఉన్న కాయితమని గొంతు తగ్గించి చెప్పింది. హేమ్లాను విడిపించే మనిషివని నీకు ఇస్తా బిడ్డా, కొంచెం గంజి తాగి తీసిస్తా అంది. నిన్నటినుంచి ఆమె ఏమీ తినలేదు. స్తుతి సరేనని బయటికొచ్చి సంగీతకు ఫోన్ చేసింది. కేసు అప్పగించిన మనిషికి ఎప్పటికప్పుడు చెప్పడం ఆమె అలవాటు. కరెంటు సంగతి, స్ప్రింగుల సంగతి, పుల్లమ్మ దగ్గరున్న కాయితం సంగతి అన్నీ చెప్పింది. చాలా మంచి పని చేశావనీ, ఆ కాయితం తీసుకుని అక్కడే ఉండు, కదలొద్దనీ సంగీత అంది.

ఒంటిగంటకు పుల్లమ్మ బైబిలు కవరు జిప్పు తీసి, నాలుగు మడతల కాయితం ఒకటి ఆమె చేతిలో పెట్టింది. స్తుతి మడత విప్పబోతుండగా బయట ఏదో బస్తా పడ్డట్టు చప్పుడయింది. కానిస్టేబుల్‌ను పిలిచింది. పలకలేదు. కాయితం జేబులో దోపుకుని షెడ్డులోకి వచ్చింది.

రోడ్డువైపు తలుపులో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో గజం పొడవు ఇనుప రాడ్డు, దాని కొసన తడి. సవరయ్య ప్రమాణపత్రానికి జత చేసిన ఫొటోలో, మిషన్ పక్కన సాక్షిగా నిలబడ్డ ఇతన్ని స్తుతి చూసింది. కోటేష్. విశ్వతేజ కంపెనీకి లారీలు నడుపుతాడు.

"కాయితం ఇయ్యి" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. రాడ్డు లేచింది.

మొదటి దెబ్బ నెత్తి మీదికొచ్చింది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టింది. ముంజేయి లోపల పచ్చికట్టె విరిగినట్టు టప్పుమంది. మోకాళ్ల మీద కూలబడింది. రెండోది వీపు మీద పడింది. ఊపిరి మొత్తం బయటికి పోయి, నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. పుల్లమ్మ వెనకనుంచి అతని చొక్కా పట్టి గుంజితే మోచేత్తో ముఖం మీద పొడిచాడు. ఆ ముసలి ప్రాణం గోడకు కొట్టుకుని స్టార్టర్ డబ్బా కింద కూలబడింది.

ఆ ఒక్క క్షణమే స్తుతికి దొరికింది. నేలమీది బెరడు పొట్టు గుప్పెడు తీసి కళ్లలో కొట్టింది. అతను రాడ్డు గుడ్డిగా తిప్పుతుండగా, బల్ల కిందున్న పైపు పానా కుడిచేత్తో అందుకుని మోకాలి చిప్ప మీద బలమంతా పెట్టి వేసింది. చిప్ప పగిలిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. కోటేష్ ముందుకు తూలి, పట్టు కోసం చేతులు చాచి, మిషన్ బల్ల మీద బోర్లా పడ్డాడు.

గర్రుమంది మిషన్. పుల్లమ్మ గోడ పట్టుకుని లేచింది. ఆమె బొటనవేలు పచ్చ బటన్ మీద ఉంది.

రోలర్లు అతని కుడిచేతి వేళ్లను అందుకున్నాయి. మణికట్టు దాకా లోపలికి పోయింది. కోటేష్ అరుపు మనిషి అరుపులా లేదు. స్తుతి విరిగిన చేతిని పొట్టకు అదుముకుని పాకుతూ వెళ్లి, పుల్లమ్మ చేతిని తోసి ఎర్ర బటన్ కొట్టింది. రోలర్లు ఆగాయి. చెయ్యి లోపలే ఉంది.

పుల్లమ్మ మెల్లగా అతని దగ్గరికి వచ్చింది. ముక్కునుంచి కారుతున్న నెత్తురు తుడుచుకోలేదు.

"మా ఆయన గూడ ఇట్లనే ఒర్లిండా?"

"లేదమ్మా." కోటేష్ పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "తెలివి లేకుండె. ముందే కొట్టిన. కరెంటొచ్చినంక పెట్టిన. ఆయనకు తెల్వదు."

ఆమె అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది. స్తుతి కోటేష్ జుట్టు పట్టి తల పైకెత్తింది. "ఎవరు పంపిండ్రు? బలరామా?"

"సారు కాదు. సారుకు భయం." అతని కళ్లు తేలిపోతున్నాయి. "మేడం. కాయితం తెమ్మని మేడమే చెప్పింది."

"ఏ మేడం?"

అతను సోలిపోయాడు. స్తుతి అంబులెన్సుకు ఫోన్ చేసింది. గుమ్మం బయట కానిస్టేబులు పడి ఉన్నాడు. నెత్తి పగిలింది గానీ ఊపిరి ఆడుతోంది. ఆమె గోడకు ఆనుకుని, పళ్లతో పట్టి కాయితం మడతలు విప్పింది.

పెన్సిల్ బొమ్మకు జిరాక్సు. వంకర గీతలు, పక్కన కోళ్లు కెలికినట్టున్న హేమ్లా అక్షరాలు. ఫైలులో పెట్టిన పెద్ద బొమ్మ కాదు. అతను తన చేత్తో మొదట గీసుకున్నది. కింది మూలన, జిరాక్సులో సగం తెగిన గుండ్రటి ముద్ర. "...గీత అసోసియేట్స్, ఖమ్మం. అందిన తేదీ 2-7-2018." స్తుతి బ్యాగులో ఇవాళ పొద్దున్నే ఇచ్చిన కేసు అప్పగింత ఉత్తరం ఉంది. దాని కిందా అదే ముద్ర.

ఎవరికీ చూపించని బొమ్మను ఒక్కరికే ఇచ్చాడు హేమ్లా. ఆ ఒక్కరే దాన్ని కంపెనీకి అమ్మేశారు. రేపు వీడియోలో అధికారి సవరయ్యను అడిగే మొదటి ప్రశ్న, ఈ మిషన్ బొమ్మ నీకెక్కడిది అన్నదే. ఆ ప్రశ్నకే అతను చచ్చాడు. షెడ్డులో కాయితం దొరక్క, భార్య దగ్గరే ఉండి ఉంటుందని తట్టి, పుల్లమ్మ దగ్గర దాన్ని రాబట్టే మనిషి కావలసి వచ్చి, పొద్దున ఆరింటికి సంగీత ఖానాపురం హవేలీ వచ్చింది. కాయితం ఎక్కడుందో అరగంట కింద ఫోన్లో స్తుతే ఆమెకు చెప్పింది. కోటేష్ దారి తప్పకుండా వచ్చాడు.

స్తుతి క్రాంతికుమార్‌కు చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు. ఆమె నోరు తెరిచేలోపే మాట్లాడడం మొదలుపెట్టాడు. గొంతు మెత్తబడింది.

"గేటు టైము చూసిన. ఐదూ ఎనిమిది. నువ్వు చెప్పిందే కరెక్టు. హేమ్లాను ఇడిచిపెట్టిన."

"ఎక్కడున్నడు?"

"ఆయన వకీలమ్మ కారేసుకుని వచ్చింది, సంగీత మేడం. కాళ్లకు దవాఖానాల కట్టు కట్టిపిస్త అని ఎక్కించుకుని పోయింది. పావుగంట అయితుంది."

"కారు ఎటు పోయింది క్రాంతీ?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది. అతను కిటికీ దగ్గరికి నడిచి ఉండాలి. "బ్రిడ్జి దిక్కు తిరిగింది. నేనే చూసిన, సారపాక మీదికెల్లి మణుగూరు రోడ్డు..."

అక్కడ ఆగిపోయాడు. దవాఖానా ఆ దిక్కున లేదు. స్తుతి అప్పటికే విరిగిన చేతిని చున్నీతో మెడకు కట్టుకుంటూ బండి దగ్గరికి పరుగెత్తుతోంది.